ఒక్క వేలితో లేచిన కొక్కెం

నా కుడిచేతి చూపుడువేలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. చూడ్డానికి బుద్ధిగానే ఉంటుంది. ఫోను తడుముతుంది, పప్పులో ఉప్పు చూసిపెడుతుంది, మనవరాలికి అక్షరాలు చూపిస్తుంది. కానీ ఒక పొద్దున ఇదే వేలు ఒక ముసలమ్మ ప్రాణం తీయబోయింది. వెల్డింగ్ హోల్డరు కింద పెట్టి రెండేళ్లయింది. ఇప్పటికీ షెడ్డు వైపు వెళ్తే కొత్తగా పనిలో చేరిన తమ్ముళ్లు చుట్టూ చేరి, "మీ జమానా ముచ్చట ఒకటి చెప్పు మేస్త్రీ" అంటారు. నేను కట్టిన గొప్ప బండ్ల గురించి చెబుతాను. వాటిలో కొన్ని నిజం కూడా. ఈ ఒక్కటి మాత్రం సగం చెప్పి టీ తాగే నెపంతో లేచిపోయేవాణ్ణి. ఈసారి కూర్చుని రాస్తున్నాను కనుక లేవడానికి వీల్లేదు.

కోరుట్లలో మాది ట్రాక్టరు ట్రాలీలు కట్టే షెడ్డు. షెడ్డు యజమానిని అందరం పెద్ద మేస్త్రి అనేవాళ్లం. ఆయన ఇనుములోకి రాకముందు కట్టె మనిషి. ఎడ్లబండ్లు, కచ్చురాలు చేసేవాడు. కచ్చురమంటే మీలో చాలామంది చూసి ఉండరు. పైన గూడు కట్టి, ఆడవాళ్లనీ పిల్లలనీ ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లే తేలిక ఎడ్లబండి. కచ్చురం పూర్తయ్యాక పెద్ద మేస్త్రి అందులో నలుగురిని కూర్చోబెట్టి, ముందు కాడి కట్టేచోట ఒక్క వేలు పెట్టి పైకి లేపేవాడట. లేస్తే బండి తయారైనట్టు. లేవకపోతే ఇరుసు జరపాల్సిందే. ముందు బరువు పడితే ఎద్దుల మెడలు పుండ్లవుతాయి కదా. "నీ తప్పు నోరులేనిదాని మెడ మీద మోపకురా" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నేనా మాటను మంత్రంలా నేర్చుకున్నాను. మంత్రాలతో ఉన్న చిక్కేమిటంటే అర్థం అడగబుద్ధి కాదు.

ఐదారేళ్ల కింద ఒకాయన మా షెడ్డుకు వచ్చాడు. ఎల్లంతకుంట దగ్గరి పల్లె. గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్లు డ్రైవరుగా చేసి, ఇక వెళ్లనని వచ్చేసిన మనిషి. అలాంటి బండి ఎవరు కడతారని సిరిసిల్లలో అడిగితే అందరూ మగ్గాల షెడ్లే చూపించారట. చివరికి ఎవరో ట్రాలీలంటే కోరుట్లే అని పంపారు.

"ఇల్లు గావాలె మేస్త్రీ" అన్నాడు.

"ఇల్లంటే ఇటుకల బట్టీకి పోవాలె గని, మా తాన్కి ఎందుకొచ్చినవన్నా?" అన్నాడు మా పెయింటరు. అతను రంగులు వేసేది రెండు గంటలు, మాటలు వేసేది ఎనిమిది గంటలు.

"చక్రాల మీది ఇల్లు. జీపుకు తగిలిచ్చుకొని పోయేది. ఆడ షేకులు ఇసుకలకు గట్లనే పోతరు. మంచం, పొయ్యి, సండాసు అన్నీ అండ్లనే ఉంటయి."

"నువ్వు షేకువైతివా మరి?"

"నేను గాదు. మా అవ్వ కోసం."

పెయింటరు నోరు మూసుకున్నాడు. అలా మూసుకోవడం అరుదు కనుక నాకు గుర్తుంది.

వాళ్లమ్మకు తుంటికి ఆపరేషన్ అయింది. బస్సులో కూర్చోలేదు, దారిలో గంటకోసారి కాలకృత్యాలకు దిగాలి, దిగితే ఎక్కడా కూర్చునే వీలుండదు. ఆరేళ్లుగా సిరిసిల్ల ఆసుపత్రి దాటి ఎటూ వెళ్లలేదు. ఆమె తల్లిగారి ఊరు బీర్పూర్. అక్కడ చెల్లెలుంది. ఆమె కూడా కదల్లేని మనిషే. ఇద్దరూ ఫోనులో ఒకరి మొహం ఒకరు చూసుకుని, మాట్లాడకుండా ఏడ్చి పెట్టేస్తున్నారు. "ఒక్కపారి బీర్పూర్ తోల్కపోతె చాలు మేస్త్రీ. తొవ్వల యాడంటే ఆడ ఆపుత. అవ్వ దాంట్ల పోయి పంటది, లేస్తది, మళ్ల ముంగట కూసుంటది" అన్నాడు. బండి నడుస్తుండగా లోపల ఎవరూ ఉండకూడదని ఆ రోజే అనుకున్నాం. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

పని నాకు అప్పగించారు. ట్రాలీ అయితే మాకు కొలతలున్నాయి, ఎప్పుడో ఎవరో కంపెనీ ట్రాలీని చూసి గీసినవి. ఇరుసు ఎక్కడ, కొక్కెం ఎంత పొడవు అన్నీ గోడ మీద సుద్దతో రాసి ఉంటాయి. ఇంటికి మాత్రం గోడ మీద ఏమీ లేదు. అప్పుడు నాకు కచ్చురం గుర్తుకొచ్చింది. మనుషులు ప్రయాణం చేసే బండి కదా, అదే లెక్క అనుకున్నాను. ఇరుసును సరిగ్గా నడుమ పెట్టాను. పైగా దీన్ని జీపుకు తగిలించేది ఒక ఇంటివాళ్లు, వాళ్లకు నడుము నొప్పి రాకూడదు.

చట్రం పూర్తయ్యాక పెద్ద మేస్త్రిని పిలిచి ఆయన ముందే కొక్కెం కింద చూపుడువేలు పెట్టి లేపాను. పక్షి ముక్కులా లేచింది. ఆయన కళ్లు తడయ్యాయి. అప్పటికే చూపు మందగించి షెడ్డులో కుర్చీకే పరిమితమైన మనిషి. "కట్టె పని ఇనుములకు వచ్చిందిరా" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు, కడుపు గర్వంతోనే నిండింది.

గల్ఫ్ అన్న మాత్రం కొక్కెం లేపి చూసి తల గోక్కున్నాడు.

"మేస్త్రీ, ఏమనుకోకు. ఆడ మా ముదీరు, గదే మేనేజరు, కొక్కెం కింద తూకం మిషన్ పెట్టి బరువు జూస్తుండె. ముంగట బరువుండాలె అంటుండె."

"ఎందుకు?"

"గది నాకెర్కలేదు. ఉండాలె అన్నడు."

"కొక్కేనికి షుగరున్నదా అన్నా, బరువు జూసుడు?" అన్నాడు పెయింటరు. షెడ్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. పాపం, ఆయనా నవ్వాడు. అతకడం నా వృత్తి కదా, ఆ రోజు నవ్వుతో ఒక మనిషి నోరు అతికేశాను. ఆ అతుకు నా మిగతా అతుకుల్లాగే గట్టిగా నిలబడింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బండి తయారైంది. ఆయన భార్య సిరిసిల్ల బట్టతో కిటికీలకు తెరలు కుట్టి తెచ్చింది. ముందు మూలన చిన్న సండాసు, దాని పక్కన పొయ్యిగట్టు, వెనక గోడకు ఆనించి మంచం, మంచం పక్కన పెద్ద కిటికీ. పెయింటరు వెనకవైపు పెద్ద అక్షరాలతో "ఇల్లు వస్తుంది, జరుగుండ్రి" అని రాశాడు. కాగితాలు, అనుమతుల కథ వేరే ఉంది, అది మొదలుపెడితే ఈ బండి కోరుట్ల దాటదు.

కొత్త బండి కనుక ముందు ట్రాక్టరుతో మెల్లగా తెచ్చి కొండగట్టు కింద పూజ, తర్వాత జీపుకు తగిలించి వేములవాడ, సిరిసిల్ల మీదుగా వాళ్ల ఊరికి. బీర్పూర్ ప్రయాణం పై వారం. పూజకు తానూ వస్తానని అవ్వ పట్టుబట్టింది. కోడలి తమ్ముడి కారులో, దారిలో చుట్టాల ఇళ్ల దగ్గర ఆగుతూ, కోడలితో కలిసి వచ్చింది. ఆమెను నేను చూడటం అదే మొదలు. చిన్న మనిషి, చేతిలో కర్ర, నోట్లో మాటలు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక కిటికీ దగ్గర ఆగింది.

"గిది కచ్చురమే గదరా" అంది కొడుకుతో. "బీర్పూర్ కెళ్లి నేను లగ్గమైనంక గిసోంటి దాంట్లనే అచ్చిన. ఎన్క కూసుంటె తొవ్వంత ఎన్కకు పోవుడు కనవడ్తది. మా చెల్లె బండి ఎంట ఉర్కుకుంట అచ్చింది."

"కచ్చురం లెక్కనే కట్టిన అవ్వా" అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో!

పూజ అయింది. కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. గల్ఫ్ అన్న తెలిసినవాళ్లతో మాట్లాడుతున్నాడు, కోడలు ప్రసాదం పంచుతోంది. జీపుకు తగిలించే ముందు నేను అలవాటు కొద్దీ కొక్కెం కింద వేలు పెట్టాను. లేవలేదు. రెండు వేళ్లు పెట్టాను, అయినా లేవలేదు. తలుపు తీసి చూస్తే కోడలు రెండు పెద్ద క్యాన్లు నిండా నీళ్లు నింపి ముందు పొయ్యిగట్టు కింద పెట్టి ఉంది. ఓహో, ఇదా అనుకున్నాను. రెండు క్యాన్లూ ఒక్కొక్కటిగా ఎత్తి తీసుకెళ్లి వెనక మంచం కింద, గోడ మూలకు పెట్టాను. దిగాను. తలుపు వేసి బయట గడియ పెట్టాను. కొక్కెం కింద వేలు పెట్టాను. లేచింది. అప్పుడు నా వేలి ఠీవి మీరు చూడాల్సింది. ప్రతిదాంట్లో వేలు పెడతానని మా ఇంట్లో ఎప్పుడూ అంటారు, నిజంగా పెట్టింది మాత్రం ఆ రోజే.

బండిని జీపుకు తగిలించాం. కారు ముందు వెళ్లిపోయింది, వంట చేయాలని కోడలికి తొందర. జీపులో గల్ఫ్ అన్న, పక్కన నేను. మల్యాల దాటి వేములవాడ వైపు లోపలి రోడ్డు పట్టాం. మొదట బాగానే ఉంది. కాసేపటికి ఆయన అద్దంలోకి చూడటం ఎక్కువైంది.

"మేస్త్రీ, ఎన్క జర ఊగుతున్నట్టున్నది."

"కొత్త బండి గదనే, ఆడుకుంటున్నది."

"తోక ఊపినట్టు ఊపుతున్నది."

"తొవ్వ బాగలేదు. నువ్వు పోనియ్యి."

నేను ఊపు మీదున్నాను, ఊగడం నాకెలా కనిపిస్తుంది? ట్రాక్టరు వేగంలో తిరిగే బండ్లు కట్టినవాణ్ణి. జీపు వేగంలో ఒక బండి వెనకాల ఏం చేస్తుందో నా జీవితంలో అంతకుముందు చూసినవాణ్ణి కాదు.

ఒకచోట రోడ్డు దిగుడుగా, తిన్నగా ఉంటుంది. జీపు తనంతట తానే వేగం పుంజుకుంది. వెనక నుంచి మక్కజొన్నల లారీ ఒకటి హారన్ కొడుతూ మమ్మల్ని దాటింది. దాటేటప్పుడు కొట్టిన గాలికి జీపు ఒకసారి కుడికి లాగినట్టయింది, తర్వాత ఎడమకు. ఆయన వైపు అద్దంలో ఇల్లు కనిపించింది. మరుక్షణం అక్కడ లేదు. నా వైపు అద్దంలో కనిపించింది. మళ్లీ అటు. ప్రతిసారీ ఇంకొంచెం పెద్దగా కనిపించింది. ఆయన స్టీరింగు ఇటు తిప్పితే అది అటు, అటు తిప్పితే ఇటు. ఒక ఇల్లు మనల్ని పట్టుకుని విసరడానికి చూస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. నా నోట్లోంచి వచ్చింది ఒకటే.

"బ్రేకు! బ్రేకు కొట్టు!"

కొట్టాడు.

జీపు ఆగబోయింది, వెనకాల ఇల్లు ఆగలేదు. అది జీపు వెనకభాగాన్ని తోసుకుంటూ పక్కకు తిరిగింది. పెద్ద చప్పుడు. జీపు రోడ్డుకు అడ్డంగా తిరిగి ఆగింది. నేను తలెత్తి చూసేసరికి అద్దాల్లో ఏ వైపూ ఇల్లు లేదు.

అది పక్కన నాటు వేసిన మడిలో పడి ఉంది. కుడిపక్కకు ఒరిగి, తలుపు ఆకాశం వైపు ఉంది. ఒక చక్రం ఇంకా తిరుగుతోంది. "ఇల్లు వస్తుంది, జరుగుండ్రి" అన్న అక్షరాలు నిలువుగా నిలబడ్డాయి.

ఇప్పుడు నేను రాయబోయేది నా పెళ్లాంబిడ్డలకు కూడా ఈ ముక్కల్లో చెప్పలేదు. నేను జీపు దిగి పరుగెత్తింది కొక్కెం దగ్గరికి. బురదలో మోకాళ్ల మీద కూర్చుని నా వెల్డింగ్ చూసుకున్నాను. జీపుకు బిగించిన పట్టీ చీలిపోయింది, అది వేరే షెడ్డువాళ్లు వేసింది. నా అతుకు వెంట్రుకంత కూడా కదల్లేదు. "నాది ఊడలేదన్నా! నాది ఊడలేదు!" అని అరిచాను. సంతోషంగా అరిచాను, తమ్ముళ్లూ.

పక్క మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో ఒకామె నా భుజం పట్టి గుంజింది.

"ఏందయ్యా, ఇనుము జూసుకుంట కూసున్నవ్? లోపట మనిషి ఒర్లుతాంది, ఇనవడ్తలేదా?"

నాకు వినపడలేదు. విన్నాక కూడా అర్థం కాలేదు. లోపల మనిషెలా ఉంటుంది? గల్ఫ్ అన్న మొహంలో నెత్తురు లేదు. "అవ్వ కార్ల పోయింది గద" అన్నాడు నాతో, నన్ను అడుగుతున్నట్టు. "కార్ల పోయింది గదనే?" కారులో ఉన్న కోడలు అవ్వ జీపులో ముందు సీట్లో కూర్చుందనుకుంది. జీపులో ఉన్న మేము కారులో ఉందనుకున్నాం.

నేను చక్రం మీద కాలు పెట్టి పైకి ఎక్కాను. గడియ బయట పెట్టి ఉంది. నేను పెట్టినట్టే ఉంది. దాన్ని లాగి తలుపెత్తి, బావిలోకి చూసినట్టు వంగి చూశాను. అడుగున పరుపు, పరుపు కింద నుంచి తెల్లటి జుట్టు, పగిలిన క్యాన్ల నీళ్లు, సిరిసిల్ల తెరలు. అవ్వ తల పైకెత్తి నన్ను చూసింది. నుదుటి మీద నెత్తురు నీళ్లతో కలిసి కారుతోంది.

"ఎవలురా తలుపేసింది?" అంది.

"అవ్వా, కదలకు" అన్నాను. అదీ ఒక జవాబే అనుకున్నాను అప్పుడు.

నేను క్యాన్లు వెనక్కి మోసినప్పుడు ఆమె ముందు మూలన సండాసులో ఉంది. నేను లోపల ఒక్కసారి పలకరించినా సరిపోయేది. ఆమె సండాసులోంచి బయటికి వచ్చి చూస్తే తలుపుకు గడియ పడి ఉంది, బండి కదిలింది. తలుపు కొట్టలేదెందుకని తర్వాత అడిగారు. "మంచిగనిపిచ్చింది" అందట. వెళ్లి వెనక మంచం మీద కూర్చుని, కిటికీలోంచి దారి వెనక్కి పోవడం చూస్తూ కూర్చుంది, లగ్గమైన పిల్లలా. అంటే నేను వేలితో తూచిన బరువు కూడా నిజం కాదు. తూచేటప్పుడు ఆమె ముందుంది, ఊగేటప్పుడు వెనక ఉంది.

జగిత్యాల ఆసుపత్రిలో భుజం దగ్గర ఎముక విరిగిందన్నారు, నుదుటికి కుట్లు పడ్డాయి. ఆపరేషన్ అయిన తుంటికి ఏమీ కాలేదు. పరుపు మీద పడటం, మడి బురద కావడం ఆమె అదృష్టం. నా అదృష్టం కూడా, కానీ నేనా మాట అనడానికి అర్హుణ్ణి కాను. వచ్చిన చుట్టాలందరికీ గల్ఫ్ అన్న ఒకటే చెప్పాడు. "లారోడు గాలి గొట్టిండు. తొవ్వ కూడ బాగలేదు." ప్రతిసారీ నా వైపు చూసేవాడు. ప్రతిసారీ నేను తలూపేవాణ్ణి. బండి ఊగడం ఆగింది కానీ నా తల ఊగడం ఆగలేదు.

సాయంత్రం వరండాలో ఆయన నా పక్కన కూర్చున్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

"ఆడ మాకు జెప్పిండ్రు మేస్త్రీ. ఎన్కది ఊగితె బ్రేకు కొట్టద్దు, ఆక్సిలేటర్ మీదికెళ్లి కాలు దియ్యాలె, స్టీరింగు నిలవెట్టి పట్టుకోవాలె, అదే సల్లవడ్తది అని. నాకు యాదికొచ్చింది కూడ. నువ్వు ఒర్లితివి. మేస్త్రి గదా, ఎర్కయ్యే అంటున్నడు అనుకొని కొట్టిన."

నేను ఆ రాత్రి బస్సు దొరికినా ఎక్కలేదు. బస్టాండులో కూర్చున్నాను.

విరిగిన ఇంటిని ట్రాక్టరు మీద వేసి షెడ్డుకు తెచ్చారు. పెద్ద మేస్త్రికి జరిగింది చెప్పాను, క్యాన్లతో సహా.

"ఎద్దు మెడ గురించి జెప్పిన్రా నేను. నిన్ను ఎద్దు లెక్క చెయ్యమన్ననా?"

"నీ మాటే పట్టుకున్న బాపూ."

"నా మాట ఎద్దుల కోసం. ఎద్దులు గంటకు ఎంత నడుస్తయి? జీపుకు మెడ యాడున్నది నొయ్యడానికి?"

పెయింటరు ఈసారి నవ్వించలేదు. సిలిండర్లు మోసే చిన్న రెండు చక్రాల బండి ఒకటి షెడ్డులో ఉండేది. దాన్ని ఒక కడ్డీతో తన స్కూటరు వెనక తగిలించి, సిమెంటు బస్తా ఒకటి వేసి, ఊరి బయటి ఖాళీ రోడ్డు మీదికి పోదాం రమ్మన్నాడు. బస్తా చక్రాలకు ముందు పెట్టి నడిపితే, ఎంత వేగం పోయినా బండి గీత గీసినట్టు వెంట వచ్చింది. అదే బస్తాను ఒక జానెడు చక్రాలకు వెనక్కి జరిపి నడిపాడు. ఆటో వేగం అందుకోకముందే అది పాము పిల్లలా కొట్టుకుని, స్కూటరును పొదల్లోకి విసిరింది. పెయింటరు ముళ్లలోంచి తల బయటపెట్టి, "అర్థమైందా మేస్త్రీ, లేకపోతె ఇంకోపారి పడాల్నా?" అన్నాడు.

అర్థమైంది. ముందు బరువు పడితే వెనకది జీపు వెంట నడుస్తుంది. ముందు తేలిపోయి వెనక బరువైతే జీపునే తన వెంట నడిపిస్తుంది. ఇంత చిన్న సంగతి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. షెడ్డుకు తిరిగొచ్చి, టేపు తీసుకుని, ఆవరణలో నిలబెట్టిన ట్రాలీలను ఒక్కొక్కటీ కొలిచాను. అన్నింటికీ చక్రాలు నడుమకు వెనకే ఉన్నాయి, బరువంతా కొక్కెం మీదికి వాలేలా. ముప్పై ఏళ్లుగా నా చేతులతో నేనే అలా కట్టాను. సరైన పనిని ముప్పై ఏళ్లు చేసి, అది ఎందుకు సరైనదో ఒక్కసారీ అడగలేదు. అడగాల్సిన రోజు వచ్చినప్పుడు ఎదురుగా నిలబడ్డ జవాబును చూడకుండా, ఎద్దులు లేని బండికి ఎద్దుల లెక్క వేశాను.

ఎనిమిదో రోజున సిరిసిల్ల బస్సెక్కి, అక్కడ మారి, వాళ్ల ఊరికి వెళ్లాను. అవ్వ మంచంలో ఉంది, చేతికి కట్టు. బండిని అలాగే నిలబెట్టి పాన్ డబ్బా పెట్టుకొమ్మని ఊరివాళ్లు సలహా ఇస్తున్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. ఇరుసు సంగతి, క్యాన్ల సంగతి, బ్రేకు సంగతి. చివరికి గడియ సంగతి.

"తలుపేసింది నేనే అవ్వా. లోపట జూడకుంట ఏసిన. నువ్వడిగినప్పుడు జెప్పలే."

గల్ఫ్ అన్న తల వంచుకున్నాడు. కోడలు వంటింటి గుమ్మంలోంచి ముందుకు వచ్చింది.

"ఎనిమిది దినాలు ఎందుకు జెప్పలే అన్నా? నేను ఎనిమిది దినాల సంది నిద్ర పోతలేను. అత్తమ్మ యాడున్నదో జూడకుంట కారెక్కిన్నని నన్ను నేనే తిట్టుకుంటున్న. ఊరంత నన్నే అంటున్నరు."

ఇది నేను ఊహించలేదు. నా మౌనం ఇంకో మనిషి మెడ మీద పడిందని నాకు తట్టనే లేదు. కొక్కెం మీద పడాల్సిన బరువు పడనివ్వలేదు, పడకూడని చోట పడేశాను. ఆమె ముందు చేతులు జోడించాను. ఆమె మొహం తిప్పుకుని లోపలికి వెళ్లింది. ఆమె క్షమించిందని నేను రాయను. మరుసటిసారి వెళ్లినప్పుడు టీ ఇచ్చింది, అంతే నాకు తెలుసు.

అవ్వ అప్పటిదాకా కప్పు వైపు చూస్తోంది.

"గవన్ని ఇడిసిపెట్టు. నన్ను బీర్పూర్ తోల్కపోతరా లేదా, గది జెప్పుండ్రి. మా చెల్లె నా కోసం సూస్తాంది."

"గా బండిల వద్దవ్వా, భయం" అన్నాడు కొడుకు.

"నీకు భయమైతె ఇంట్ల పండు. మేస్త్రి తోలుతడు."

"నాకు తోలరాదవ్వా."

"కట్టరాకపోయినా కడితివి గద."

అంతే, కట్టాను, మళ్లీ. ఇరుసును మూరెడు వెనక్కి జరిపాను. మంచాన్ని వెనక గోడ నుంచి తెచ్చి చక్రాల మీదికి వేశాను, నీళ్లను చక్రాలకు కాస్త ముందు, కింద. ఒక మక్కల వ్యాపారి దగ్గర కాంటా అడిగి తెచ్చి మొత్తం బండిని తూచాం, తర్వాత కొక్కెం ఒక్కదాన్నే. పది పాళ్లలో ఒక పాలుకు కొంచెం ఎక్కువే కొక్కెం మీద ఉండేదాకా వదల్లేదు. జీపు పట్టీ కొత్తది, అడ్డంగా రెండు గొలుసులు, ఇంటికి విడిగా బ్రేకు, దాని పిడి డ్రైవరు చేతికి అందేలా. "కొక్కేనికి షుగరు నార్మలే" అన్నాడు పెయింటరు కాంటా చూసి. గల్ఫ్ అన్న అప్పుడు నవ్వాడు. మా షెడ్డులో ఆయన తనంతట తాను నవ్వడం అదే మొదటిసారి. పెయింటరు వెనక అక్షరాలు చెరిపి, "మెల్లగ వస్తుంది, మీరే ముందు పోండ్రి" అని రాశాడు.

పెద్ద మేస్త్రిని కుర్చీతో సహా తెచ్చి కొక్కెం దగ్గర కూర్చోబెట్టాను. ఆయన చూపుడువేలు కింద పెట్టాడు. లేవలేదు. పిడికిలి పెట్టాడు, లేవలేదు. చేయి తీసి ధోతికి తుడుచుకుని, "ఇగ నా ఏలుకు రిటైర్మెంటే" అన్నాడు. నా వేలును కూడా అప్పుడే పక్కన పెట్టాను.

బీర్పూర్ వెళ్లే పొద్దున నేను వాళ్ల ఊరికి వెళ్లాను. వెనకాల కారులో వస్తూ బండి నడక చూస్తానని ముందే చెప్పాను. జీపుకు తగిలించడానికి నేనూ గల్ఫ్ అన్నా ఇద్దరం నాలుగు చేతులు వేసి, మూలుగుతూ కొక్కెం ఎత్తాం. గొలుసులు చూశాను. టైర్లలో గాలి చూశాను. తర్వాత ఇంట్లోకి ఎక్కాను. సండాసు తలుపు తీసి చూశాను. మంచం మీద పరుపు ఎత్తి చూశాను. మంచం కింద వంగి చూశాను. పొయ్యిగట్టు కింద పిల్లి కూడా పట్టదు, అక్కడా చూశాను. దిగాను. తలుపు మీద చేయి వేసి నిలబడ్డాను. చేయి కదల్లేదు. మళ్లీ ఎక్కి సండాసు తలుపు మళ్లీ తీశాను. మళ్లీ దిగాను. ఊరివాళ్లు చూస్తున్నారు, గల్ఫ్ అన్న ఇంజను స్టార్టు చేసి కూర్చున్నాడు, నా చేయి గడియ మీదే ఉంది.

జీపు ముందు సీటు కిటికీలోంచి కర్ర ఒకటి బయటికి వచ్చి జీపు తలుపు మీద టకటకా కొట్టింది.

"నేను గీడనే ఉన్న మేస్త్రీ" అంది అవ్వ. "ఇగ ఎయ్యి తలుపు."